పెన్న ఇసుక వెంట.. సముద్రం దాకా!

మైదుకూరు నాలుగురోడ్ల కూడలిలో నిలబడి ఏ వైపు చూసినా సముద్రం జాడ ఉండదు. ఓ రోడ్డు కడపకు, ఓ రోడ్డు నంద్యాలకు, ఓ రోడ్డు ప్రొద్దుటూరుకు. నాలుగోది బద్వేలు రోడ్డు. దాన్నే పట్టుకుని తూర్పుగా పోతూ ఉంటే 200 కిలోమీటర్లు నిండకముందే దారి అయిపోతుంది. ఎదురుగా ఇసుక దిబ్బ. దిబ్బ ఎక్కితే.. బంగాళాఖాతం!

సెలవులొస్తే చాలు, కడప జిల్లాలో చాలా ఇళ్లలో ఒకటే గొడవ. ‘యాడికన్నా పోదాం నాయనా’ అంటారు పిల్లలు. గండికోట చూసిందే. బ్రహ్మంగారిమఠం ఏటా వెళ్లేదే. తిరుపతికి పోతే మొక్కు తీరుతుంది కానీ ఆట తీరదు. ‘సముద్రం కాడికి పోదాం’ అని ఎవరో ఒకరు అంటారు. అంతే, ఇల్లంతా లేచి కూర్చుంటుంది. అరవై ఏళ్లొచ్చినా సముద్రం చూడని జేజి కూడా ‘నన్నూ తీసకపోండిరా’ అంటుంది. అక్కడి నుంచి లెక్కలు మొదలు. ఎంతమంది, బండి బాడుగ ఎంత, ఎన్ని గంటలకు లేవాలి, సద్ది ఏం కట్టుకోవాలి..

ఇవన్నీ వేసుకోవాల్సిన లెక్కలే. కానీ అసలు లెక్క ఇంకొకటుంది. వెళ్లిన తలకాయలు ఎన్నో, సాయంత్రం బండెక్కే తలకాయలూ అన్నే ఉండాలి. ఏటిలో మునకలేసి పెరిగినవాళ్లు సముద్రాన్నీ పెద్ద ఏరనే అనుకుంటారు. ఏటా సముద్రతీరాల్లో ప్రాణాలు పోగొట్టుకునేవారిలో దూరం నుంచి వచ్చిన కుర్రాళ్లు ఉండేది అందుకే. కాబట్టి సముద్రానికి ఒకరోజు ప్రయాణమంటే బండి మాట్లాడుకోవడం ఒక్కటే కాదు. ఆ ఇసుక గురించీ ఆ నీళ్ల గురించీ కాస్త తెలుసుకుని బయల్దేరడం.

ఏ బీచ్‌కి వెళ్లాలి?

నెల్లూరు వైపు సముద్రమనగానే ఎవరికైనా గుర్తొచ్చేది మైపాడు. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు. దుకాణాలుంటాయి, తిండిబండ్లుంటాయి, జనం ఉంటారు. చంటిపిల్లలతో, పెద్దవాళ్లతో మొదటిసారి వెళ్లేవారికి అదే మేలు. తోటపల్లి గూడూరు మండలంలోని కోడూరు బీచ్‌ మరొకటి.

కానీ జనం అంతగా లేని తీరం చూడాలంటే పెన్నకు ఉత్తరపు ఒడ్డునే ఉండిపోవాలి. పెన్న సముద్రంలో కలిసే ఊటుకూరు, అక్కడి నుంచి పైకి విడవలూరు మండలంలోని రామతీర్థం, అల్లూరు మండలంలోని ఇసకపల్లి.. ఈ వరస అంతా మత్స్యకారుల పల్లెలు, సరుగుడు తోటలు, ఉప్పుమళ్లు, రొయ్యల గుంటలు. ఇసకపల్లి పేరులోనే ఉంది ఇసుక! తీరం వెంబడి ఉన్న మత్స్యకారుల వాడల్ని నెల్లూరు జిల్లాలో పట్టపుపాళెం అంటారు. ప్రతి పెద్ద ఊరికీ సముద్రం పక్కన ఒక పట్టపుపాళెం ఉంటుంది.

ఇలాంటిచోట రంగుల గొడుగులుండవు, గుర్రపు స్వారీలుండవు. స్నానాల గదులుండవు. ‘ఇక్కడ లోతు ఎక్కువ’ అని చెప్పే బోర్డు ఉంటుందని నమ్మకం పెట్టుకోకూడదు. ఈల వేసి వెనక్కి పిలిచే గజ ఈతగాడూ ఉండకపోవచ్చు. అందం, అపాయం రెండూ ఆ ఖాళీలోనే ఉన్నాయి.

ఎప్పుడు వెళ్లాలి?

సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి మార్చి మొదటి వారం దాకా మంచికాలం. పొద్దున చల్లగా ఉంటుంది, ఎండ ముదరదు, తుపానుల భయం తగ్గి ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరానికి తుపానుల కాలం. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపానును నెల్లూరు జిల్లాలో పెద్దలు ఇప్పటికీ చెప్పుకొంటారు. అల్పపీడనం అన్నమాట వార్తల్లో వినబడితే ప్రయాణం వాయిదా వేసుకోవడమే. ఇక ఏప్రిల్‌, మేల్లో కడప ఎండలు తప్పించుకుందామని వెళితే అక్కడ ఇసుక కాళ్లు కాలుస్తుంది. గాలిలో తేమ వల్ల ఉక్క అదనం.

బయల్దేరే ముందురోజు మరో పని ఉంది. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్‌ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1999లో మొదలైంది. సముద్రంలో అలలు ఎంత ఎత్తున లేస్తాయి, ఎక్కడ ఉప్పెనలాగా పొంగొచ్చు అని ముందే హెచ్చరిస్తుంది. సునామీ హెచ్చరిక కేంద్రం కూడా 2007 నుంచి అక్కడే పనిచేస్తోంది. వేటకు వెళ్లే మత్స్యకారులు చూసుకునే సమాచారమే ఇది. విహారానికి వెళ్లేవాళ్లూ ఒక్క నిమిషం చూసుకుంటే పోయేదేం లేదు. ఆకాశం నిర్మలంగా ఉన్నా ఎక్కడో దూరాన లేచిన గాలికి ఇక్కడ అలలు ఎగసిపడటం సముద్రంలో మామూలే.

దారిలో..

తెల్లవారుజాము నాలుగింటికి మైదుకూరు దాటితే ఎనిమిదిన్నర ప్రాంతంలో ఇసుక మీద ఉండొచ్చు. సూర్యోదయం చూడాలన్న కోరిక మంచిదే. కానీ దానికోసం అర్ధరాత్రి డ్రైవర్‌ని నిద్రలేపి కొండదారుల్లో పరుగులెత్తించడం మంచిది కాదు. అంతగా కావాలంటే ముందురోజు రాత్రే నెల్లూరులో బస చేయాలి.

ఇది 67వ నంబరు జాతీయ రహదారి. కర్ణాటకలో మొదలై బళ్లారి, గుత్తి, తాడిపత్రి మీదుగా కడప జిల్లాలోకి వచ్చి, మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు, నెల్లూరు దాటి కృష్ణపట్నం రేవు దగ్గర ముగుస్తుంది. నెల్లూరువాళ్లకు మాత్రం ఇది ముంబై రోడ్డు. బద్వేలు దాటాక వెలిగొండలు అడ్డం వస్తాయి. కొండలు దాటి మర్రిపాడు చేరితే నెల్లూరు జిల్లా. అక్కడి నుంచి నేల రంగు మారుతుంది, మాట యాస మారుతుంది. ఆత్మకూరు, సంగం, బుచ్చిరెడ్డిపాళెం వచ్చేసరికి రోడ్డుకు రెండు పక్కలా వరి మళ్లు. సంగం దగ్గర పెన్న మీద కొత్త బ్యారేజీ 2022లో ప్రారంభమైంది.

కోవూరు దగ్గర నెల్లూరులోకి వెళ్లకుండా 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి కాస్త ఉత్తరంగా నడిచి, తూర్పుకు తిరిగితే విడవలూరు, అల్లూరు. ఇక్కడొక తమాషా ఉంది. ప్రొద్దుటూరు, మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు, ఇసకపల్లి.. అన్నీ పెన్నకు ఎడమగట్టు వైపే ఉన్నాయి. అంటే ప్రొద్దుటూరులో బయల్దేరినవాళ్లు దారిలో కుందూను దాటుతారే గానీ పెన్నను ఒక్కసారి కూడా దాటకుండా సముద్రం చేరతారు. నది దక్షిణంగా సిద్ధవటం, సోమశిల మీదుగా చుట్టు తిరిగి వస్తుంది. రోడ్డు అడ్డదారిన వస్తుంది. ఇద్దరూ కలిసేది సముద్రం దగ్గరే!

సముద్రానికి కాస్త ముందు ఓ కాలువ అడ్డు వస్తుంది. అదే బకింగ్‌హామ్‌ కాలువ. 1806లో మద్రాసు దగ్గర మొదలైన తవ్వకం అంచెలంచెలుగా ఉత్తరానికి వచ్చింది. 1877-78 నాటి పెద్ద కరవులో పనులు చూపించడానికి కొంతభాగం తవ్వించి, అప్పటి మద్రాసు గవర్నర్‌ బకింగ్‌హామ్‌ డ్యూక్‌ పేరు పెట్టారు. ఒకప్పుడు ఉప్పు, వంటచెరకు, ధాన్యం పడవల మీద ఈ కాలువలోనే మద్రాసుకు వెళ్లేవి. ఆ వంతెన దాటితే ఇక అంతా ఇసుకే.

ఈ ఇసుక ఎక్కడిది?

కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడుస్తుంది పెన్న. గండికోట దగ్గర ఎర్రమల కొండను కోసుకుని, మైలవరం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దాటి వస్తుంది. కమలాపురం ప్రాంతంలో కుందూ, పాపఘ్ని కలుస్తాయి. పులివెందుల వైపు వాననీళ్లు పాపఘ్ని, చిత్రావతుల ద్వారా పెన్నకే చేరతాయి. ఇంకాస్త దిగువన చెయ్యేరు, సగిలేరు. ఈ నదులన్నీ కొండల నుంచి రాళ్లను దొర్లించి, అరగదీసి తెచ్చిందే ఇసుక. ఏడాదిలో ఎక్కువ రోజులు ఏరు ఎండే ఉంటుంది. కానీ నాలుగేళ్లకో అయిదేళ్లకో వరద వస్తే మాత్రం లారీలకు లెక్కతేలనంత ఇసుకను ఒక్క వారంలో కిందికి తోసేస్తుంది.

నెల్లూరు దాటాక పెన్న ఆ ఇసుకను సముద్రానికి అప్పగిస్తుంది. సముద్రం దాన్ని ఉంచుకోదు. మార్చి నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలులు లేపే అలలు ఇసుకను తీరం వెంబడి ఉత్తరానికి నెడతాయి. చలికాలంలో ఈశాన్య గాలులు కొంత దక్షిణానికి తెస్తాయి. మొత్తం మీద లెక్క చూస్తే ఈ తీరంలో ఇసుక ఉత్తరానికే ఎక్కువ నడుస్తుంది. అందుకే పెన్న ముఖద్వారానికి ఉత్తరాన ఉన్న రామతీర్థం, ఇసకపల్లి తీరాల్లో కాళ్ల కింద పడేది చాలావరకు పెన్నేటి ఇసుకే. ప్రొద్దుటూరు ఏటిలో ఆడుకున్న పిల్లాడు ఇసకపల్లిలో గూడు కట్టుకుంటే.. అది సొంతూరి ఇసుకతో కట్టుకున్న గూడన్నమాట!

ఇసుక దిబ్బలు కూడా కడప జిల్లాకు కొత్త కాదు. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున దానవులపాడులో ఇసుక కింద పూడిపోయిన జైన ఆలయాన్ని 1903లో పురావస్తు శాఖ తవ్వి తీసింది. రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రుడి శాసనం అక్కడ దొరికింది. అక్కడి శిల్పాలు కొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. నెల్లూరు జిల్లా పెరుమాళ్లపాడులో 2020లో ఇసుక తవ్వితే నాగేశ్వరస్వామి గుడి బయటపడింది. నది పక్కన గాలి ఇసుకను గుడి మీదికి ఎత్తగలిగినప్పుడు, సముద్రం పక్కన కొండలే కడుతుంది మరి.

దిబ్బ ఎక్కితే..

అలలు ఒడ్డున వదిలిన ఇసుక ఎండి తేలికవుతుంది. మధ్యాహ్నమయ్యేసరికి సముద్రం మీది నుంచి గాలి లేస్తుంది. దాంతో ఇసుక రేణువులు గంతులేసుకుంటూ లోపలికి వస్తాయి. దారిలో ఓ తీగో, గడ్డి దుబ్బో అడ్డం వస్తే అక్కడ ఆగిపోతాయి. కొన్నేళ్లకు అదే దిబ్బ. సముద్రం వైపు ఏటవాలుగా, ఊరి వైపు నిటారుగా ఉంటుంది.

ఆ తీగను గుర్తుపట్టడం తేలిక. మేక గిట్టల్లా చీలిన ఆకులు, ఊదారంగు గరాటు పూలు. బాలబంద తీగ అంటారు. ఇసుక మీద తాళ్లు పరిచినట్టు అల్లుకుంటుంది. ఇంకొకటి రావణాసురుడి మీసాలు. సూదుల్లాంటి ఆకులతో గుండ్రటి బంతుల్లా ఉండే గడ్డి. దాని కాయలు గాలికి ఇసుక మీద దొర్లుకుంటూ పోతుంటే పిల్లలు వెంటపడతారు. ఈ రెండూ లేకపోతే దిబ్బ నిలవదు. దిబ్బ వెనకాల సరుగుడు తోటలు. ఈ చెట్లను మద్రాసు తీరమంతా నాటించింది పంతొమ్మిదో శతాబ్దంలోనే. వంటచెరకుకు, గుడిసెల వాసాలకు, గాలి తట్టుకోవడానికి.

దిబ్బ చేసే ఇంకో మేలు కంటికి కనిపించదు. వాన నీళ్లు ఇసుకలోకి ఇంకి, అడుగునున్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తాయి. మంచినీళ్లు ఉప్పునీటి కంటే తేలిక కదా! పెన్నలో ఇసుక తోడి చెలమ తీసి కడవ నింపుకొన్న కడప జిల్లావాళ్లకు ఇది కొత్త విద్య కాదు. సముద్రం పక్కన ఇసుకనేలల్లో అలా తవ్వుకునే గుంటను దొరువు అంటారు. లోతుకు పోతే ఉప్పు, పైపైన తోడుకుంటే తీపి. ఈ దొరువుల పద్ధతిని బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం మెరుగుపరిచి రైతులకు అందించింది. దిబ్బ పోయిందంటే దాని కడుపులోని మంచినీళ్లూ పోయినట్టే.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు నెల్లూరు తీరమూ దెబ్బతింది. తూర్పు తీరంలో చాలాచోట్ల తర్వాత పరిశీలించినవాళ్లు చెప్పింది ఒకటే. ఎత్తయిన దిబ్బ చెక్కుచెదరకుండా ఉన్నచోట నీటి జోరు తగ్గింది. దిబ్బకు గండి ఉన్నచోట నీళ్లు ఆ గండిలోంచే ఊరిమీద పడ్డాయి.

అందుకే దిబ్బ మీదికి వెళ్లేటప్పుడు మత్స్యకారులు నడిచి నడిచి పడిన బాట ఉంటుంది, దాంట్లోనే వెళ్లాలి. ఇంటిల్లిపాదీ తలో దారిన ఎక్కితే తీగ తెగుతుంది. తెగినచోట గాలి దూరుతుంది. ఇక జీపులు, బైకులు దిబ్బ మీదికి ఎక్కించడం సరదా కాదు, నేరం కూడా కావచ్చు. ఇసుక దిబ్బలను తీరప్రాంత నియంత్రణ నిబంధనలు అన్నిటికంటే కట్టుదిట్టంగా కాపాడాల్సిన వాటిలో చేర్చాయి.

సముద్రం ఏరు కాదు!

ఇక నీళ్ల దగ్గరికి. ఏటిలో నీళ్లు ఒకవైపే పోతాయి. లోతు ఎక్కడో ఊరివాళ్లకు తెలుసు. సముద్రంలో నీళ్లు ముందుకొస్తాయి, వెనక్కి పోతాయి, పక్కకీ పోతాయి. నిన్న మోకాలి లోతు ఉన్నచోట ఇవాళ గొంతు లోతు ఉండొచ్చు.

అలలు అదేపనిగా నీటిని ఒడ్డుకు ఎత్తిపోస్తుంటాయి. ఆ నీళ్లన్నీ తిరిగి వెళ్లాలి కదా! అడుగున ఇసుక తిన్నెల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ కాలువలా కూడి, జోరుగా సముద్రంలోకి వెళతాయి. పై నుంచి చూస్తే ఆ చోట అలలు విరగవు. రెండు పక్కలా నురగ తెల్లగా ఉంటే మధ్యలో నీళ్లు నల్లగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. కొత్తవాళ్లు ‘ఇక్కడ అలలు లేవు, ఇక్కడే దిగుదాం’ అనుకునేది సరిగ్గా అక్కడే! ఆ లాగుడు గట్టి ఈతగాడి కంటే వేగంగా ఉంటుంది.

చిక్కుకుంటే ఏం చేయాలి? ఒడ్డు కనబడుతోంది కదా అని దానికి ఎదురీదితే చేతులు పడిపోతాయి. మునిగేది లాగుడు వల్ల కన్నా అలసట వల్లే ఎక్కువ. ఆ నీళ్లు అడుగుకు లాగవు, దూరానికి తీసుకెళతాయి. ముందు తేలుతూ ఉండాలి. ఆ తర్వాత తీరానికి సమాంతరంగా పక్కకు ఈదాలి. నాలుగు బారలు పక్కకు జరిగి లాగుడు నుంచి బయటపడితే, అలలే మళ్లీ ఒడ్డుకు తెస్తాయి. ఈత రానివాళ్లు చేయి పైకెత్తి కేకేయాలి. ఒడ్డునున్నవాళ్లు ఆత్రంగా దూకకూడదు. ఒకరి కోసం ఇద్దరు, ఇద్దరి కోసం ముగ్గురు పోయిన ఘటనలు అలా జరిగినవే. తాడు, ఖాళీ నీళ్ల క్యాను, స్టెప్నీ ట్యూబు.. తేలేది ఏదైనా విసరాలి. పక్కనే వలలు బాగుచేసుకుంటున్న మత్స్యకారులను పిలవాలి. 112కి, 108కి ఫోన్‌ చేయాలి.

అసలు ఇవేవీ అవసరం లేకుండా రోజు గడవాలంటే నాలుగు నియమాలు చాలు. వెళ్లగానే పట్టపుపాళెంలో ఒక పెద్దాయన్ని అడగాలి. ‘అయ్యా, ఏడ దిగొచ్చు, ఏడ దిగకూడదు?’ అని. వాళ్లు చూపినచోటు తప్ప ఇంకోచోట దిగకూడదు. ఈత వచ్చినా సరే, నడుము లోతు దాటకూడదు. పిల్లలకు మోకాలి లోతే హద్దు. ఒక పెద్దమనిషి ఒడ్డునే కూర్చుని, ఫోన్‌ పక్కనపెట్టి తలకాయలు లెక్కపెడుతూ ఉండాలి. గంటకొకరు వంతు మారొచ్చు. ఇక మందు కొట్టినవాడు నీళ్ల వైపు వెళ్లకూడదు. ఇందులో మొహమాటాలు లేవు, బావ అయినా బామ్మర్ది అయినా!

నదీ ముఖద్వారాల దగ్గర, ఉప్పుటేరులు కలిసేచోట అస్సలు దిగకూడదు. అక్కడ నది నీరూ సముద్రపు పోటూ కొట్లాడుకుంటాయి. ఊటుకూరు దాకా వెళ్లి పెన్న సముద్రంలో కలవడం చూడాలనిపిస్తే ఒడ్డున నిలబడి చూసి, దణ్ణం పెట్టుకుని వచ్చేయాలి.

సద్దిమూట

జనం లేని తీరంలో కొనుక్కోవడానికేమీ దొరకదు. మనిషికి నాలుగు లీటర్ల చొప్పున మంచినీళ్లు కావాలి. తాగడానికి, ఉప్పు కడుక్కోవడానికీ. చిత్రాన్నం, గుంతపొంగణాలు, పెరుగన్నం పొద్దున చేసుకెళితే మధ్యాహ్నానికి బాగానే ఉంటాయి. కారం బొరుగులు మాత్రం తప్పనిసరి. ఇసుక మీద కూర్చుని తినడానికి అంతకంటే మంచివి లేవు. అరటిపండ్లు, నిమ్మకాయలు, ఉప్పు, చక్కెర. టోపీలు, తువ్వాళ్లు, ఓ పెద్ద టార్పాలిన్‌, నాలుగు గుంజలు, ఓ పొడవాటి తాడు. తాడు నీడకూ పనికొస్తుంది, ఆపదకూ పనికొస్తుంది. పట్టపుపాళెంలో పొద్దున్నే పడవలు ఒడ్డుకు వస్తే తాజా చేపలు కొనుక్కోవచ్చు. అడిగితే వండిపెట్టే ఇల్లాళ్లూ ఉంటారు. బేరం ముందే మాట్లాడుకోవాలి.

ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా నీళ్లలో, ఇసుకలో. ఆ తర్వాత సరుగుడు నీడలోకి. ఆ ఆకుల్లో గాలి చేసే చప్పుడు వింటే సముద్రం ఇంకొకటి నెత్తిమీద ఉందనిపిస్తుంది. మళ్లీ నాలుగింటికి తీరానికి. తూర్పు తీరంలో పొద్దు కుంకేది దిబ్బ వెనకాల. అందుకే సాయంత్రమయ్యేసరికి దిబ్బ నీడ మెల్లగా ఇసుక మీదికి జారి నీళ్ల దాకా వెళుతుంది. కాళ్లు కాలవు, కళ్లు చెదరవు. జేజిని అలల అంచున కూర్చోబెట్టడానికి అదే మంచి సమయం.

అయిదున్నరకు బయల్దేరితే రాత్రి పదిలోపు మైదుకూరు. తెచ్చిన ప్లాస్టిక్‌ అంతా తిరిగి బండెక్కాలి. ఊడ్చేవాళ్లు అక్కడ లేరు.

తీరానికి వచ్చే అమ్మలు

జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి మరో యాత్రికులు వస్తారు. ఆలివ్‌ రిడ్లే తాబేళ్లు. రాత్రిపూట ఒడ్డుకు ఎక్కి, ఇసుకలో గుంత తీసి, వంద వరకూ గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొచ్చి వెలుతురు ఎటుంటే అటు నడుస్తాయి. చీకట్లో సముద్రం మీది మెరుపే వాటికి దారి. ఒడ్డున సెల్‌ఫోన్‌ లైట్లు, మంటలు ఉంటే దారితప్పి ఊరి వైపు వచ్చి చస్తాయి. ఇసుక మీద బండి నడిపితే కింద గూళ్లు నలిగిపోతాయి.

ఈ కాలంలో వెళితే చచ్చిపడిన పెద్ద తాబేళ్లూ కనబడొచ్చు. ట్రాలర్ల వలల్లో చిక్కుకుని, పైకొచ్చి ఊపిరి పీల్చుకోలేక చనిపోయినవి. 2025 జనవరిలో ఒక్క చెన్నై తీరంలోనే వందల సంఖ్యలో కొట్టుకొచ్చాయి. వలలో ఇరుక్కున్న తాబేలు బయటికి పోయే ఏర్పాటు ఉంది. ఆ పరికరం వాడమని ప్రభుత్వాలు చెబుతూనే ఉన్నాయి. పిల్లలు ‘ఎందుకు చచ్చిపోయింది?’ అని అడుగుతారు. నిజమే చెప్పాలి.

రేపటికి ఉంటుందా?

నది తేవడం, సముద్రం పంచడం, గాలి ఎత్తడం, తీగ పట్టుకోవడం. ఈ నాలుగింట్లో ఒకటి ఆగినా దిబ్బ ఆగిపోతుంది. తేవడం తగ్గిందిప్పుడు. గండికోట, మైలవరం, సోమశిల.. ఇవన్నీ పొలాలకు, ఊళ్లకు నీళ్లిస్తున్నాయి. ఒక్క సోమశిలలోనే 78 టీఎంసీలు నిలపొచ్చు. కానీ డ్యామ్‌ దగ్గర నీళ్లతోపాటు ఇసుకా నిలిచిపోతుంది. గేట్లు ఎత్తినా కిందికొచ్చేది ఎక్కువగా నీళ్లే. డ్యామ్‌కు దిగువన మిగిలిన ఇసుకను ఇళ్లకు, రోడ్లకు తోడేస్తున్నాం. పైగా రేవుల కోసం సముద్రంలోకి కట్టే గోడలు ఉత్తరానికి నడిచే ఇసుకను ఆపేస్తాయి. మద్రాసు రేవు కట్టాక దక్షిణాన మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం తీరం కోసుకుపోయింది. వందేళ్లకు పైగా అందరి కళ్లముందూ ఉన్న పాఠం అది.

ఇటు దారి మాత్రం దగ్గరవుతోంది. బద్వేలు దగ్గరి గోపవరం నుంచి నెల్లూరు జిల్లా గురివిందపూడి దాకా 108 కిలోమీటర్ల నాలుగు వరుసల రోడ్డుకు 2025 మే నెలలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అది పూర్తయితే బద్వేలు నుంచి కృష్ణపట్నం రేవుకు దాదాపు 34 కిలోమీటర్లు తగ్గుతుంది. లారీల కోసం వేసే రోడ్డే అయినా కార్లూ వస్తాయి. ఇవాళ నాలుగు కుటుంబాలు వచ్చే తీరానికి రేపు నలభై వస్తాయి. దారి దగ్గరయ్యేసరికి దిబ్బ మిగిలి ఉండాలి కదా!

తిరుగు ప్రయాణంలో పిల్లలు నిద్రపోతారు. ఇంటికొచ్చి బట్టలు దులిపితే జేబుల్లోంచి, అంచుల్లోంచి పిడికెడు ఇసుక రాలుతుంది. జేజి కసుర్లు మామూలే. ‘ఇంటినిండా ఇసుక తెచ్చినారు కదరా!’ అని. తెచ్చింది కాదు జేజీ.. కొండల నుంచి ఏరు, ఏటి నుంచి సముద్రం తీసుకెళ్లిన ఇసుక పిడికెడు ఇన్నేళ్లకు సొంతూరికి తిరిగొచ్చింది. వెళ్లిన తలకాయలు అన్నీ వచ్చాయి. అంతకంటే ఇంకేం కావాలి!